డాక్టరుగారి కొత్త కాఫీ మిషన్

పోయినవాడి గురించి మంచే మాట్లాడాలని ఎవరు మొదలుపెట్టారో గానీ, వాళ్ళకి ఈ పళ్ళ డాక్టరు పరిచయం అయ్యుండడు. బతికున్నన్నాళ్ళూ డప్పు కొట్టుకున్నాడు, చివరికి ఆ డప్పు పుణ్యమానే పోయాడు. ఆయన వంటింట్లో నిలబడి ఆ కాఫీ మిషన్ని చూస్తుంటే నాకు జాలి కంటే ముందు చిరాకొచ్చింది.

జరిగింది ఇదీ. సోమవారం పొద్దున్న డాక్టరు కాఫీ చేసుకుందామని మిషన్ హ్యాండిల్ పట్టుకున్నాడు. షాక్ కొట్టి అక్కడే పడిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ప్రాణం లేదు. ఆ మిషన్ విదేశం నుంచి తెప్పించిన సీల్ విప్పని సరుకని ఆయన ఇంట్లోవాళ్ళకీ, పేషెంట్లకీ, ఎదురింటి కుక్కని తిప్పేవాడికీ కూడా చెప్పుకున్నాడు. నిజానికి అది పాతది. మార్కెట్ వెనక సందులో పాత ఎస్‌ప్రెస్సో మిషన్లు బాగుచేసి అమ్మే మెకానిక్ దగ్గర మూడు వారాల కిందట కొన్నాడు. ఇంటికి తెచ్చుకోగానే మెకానిక్ అంటించిన స్టిక్కర్ని గోటితో గీకి మరీ పీకేశాడు. పాత వస్తువు కొనడం తప్పేం కాదు. కొన్నాక సిగ్గుపడటమెందుకో నాకు ఈ వయసొచ్చినా అర్థం కాలేదు.

ఈ గుట్టు బయటపడింది కూడా మెకానిక్ నోటి నుంచే. కబురు తెలియగానే ఆ పిచ్చి మారాజు పరిగెత్తుకొచ్చి, గుమ్మంలో నిలబడి, నేనే బాగుచేసి అమ్మానండీ, ఏం పొరపాటు జరిగిందో ఒక్కసారి విప్పి చూసుకుంటానండీ అని ఏడ్చాడు. పోలీసులకి అంతకంటే తేలికైన కేసు ఇంకెప్పుడు దొరుకుతుంది? అటునుంచటే లాకప్పుకి తీసుకెళ్ళారు. ఆ మధ్యాహ్నం ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు ఇన్వెస్టిగేటరు వచ్చాడు. మిషన్ వెనక రేకు విప్పి చూసి, ఎర్త్ వైరు ఊడిపోయిందనీ, కరెంటు వైరు బాడీకి తగులుతోందనీ, తప్పంతా మెకానిక్‌దేననీ తేల్చి చేతులు దులుపుకున్నాడు. ఇవాళ గురువారం. సాయంత్రం అయిదింటికి అతని రిపోర్టు స్టేషన్‌కి చేరుతుంది. అది చేరిందంటే రేపు మెకానిక్ జైల్లో ఉంటాడు.

నన్ను పెట్టుకున్నది మెకానిక్ అక్క. తమ్ముడు తప్ప ఆవిడకి వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ సందులో అందరూ ఆవిణ్ణి తుపాను అంటారు, ఆ పేరు ఎందుకొచ్చిందో నాకు అయిదు నిమిషాల్లోనే తెలిసింది. నా ఆఫీసు గడప తొక్కుతూనే, నా కుర్చీ బాలేదనీ, నా ఫ్యాను గోల చేస్తోందనీ, తమ్ముణ్ణి బయటికి తీసుకురాలేకపోతే డిటెక్టివ్ అనే బోర్డు పీకి పారేయమనీ చెప్పింది. తర్వాత కూర్చుని, షాపులో తన పనేమిటో వివరంగా చెప్పింది.

తమ్ముడు మిషన్ బిగించాక ప్రతి స్క్రూనీ ఆవిడ ఇంకోసారి తిప్పి చూస్తుంది. గట్టిగా ఉందనుకుంటే, స్క్రూ తల మీంచి పక్క రేకు మీదకి గోళ్ళరంగుతో సన్నటి గీత గీస్తుంది. తర్వాత ఎవరైనా విప్పితే ఆ గీత తెగుతుంది. దాంతో గ్యారంటీ కూడా తెగినట్టే. ఆ రంగు నెమలికంఠం రంగు. ఎవరూ కొనక ఏదో కొట్లో మూలపడున్న సీసాలన్నీ ఆవిడే తెచ్చుకుందిట. ఈ మాట ఇన్వెస్టిగేటరుకి చెబితే, వంటింట్లో ఉన్న మిషన్ స్క్రూల మీద ఏ రంగూ లేదనీ, గోళ్ళరంగు పట్టుకుని కోర్టుకెళితే జడ్జి నవ్వుతాడనీ అన్నాడట. అతనికి అక్కడే అనుమానం రావాలి. రాలేదు. ఎందుకు రాలేదో నేను చెప్పగలను, ఒకప్పుడు అతను నా దగ్గరే పనిచేశాడు.

తుపానుని డాక్టరు ఇంటి గేటు దగ్గరే ఉండమని నేనొక్కదాన్నే లోపలికొచ్చాను. ఆవిడ లోపలికొస్తే వాదన తప్ప విచారణ జరగదు.

డాక్టరు భార్య వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. మూణ్ణాలుగు రోజులుగా నిద్ర లేని మొహం. ఆవిడ పక్కనే ఆవిడ తమ్ముడు. ముప్ఫయ్యేళ్ళు దాటిన మనిషిని ఇంట్లో ఇప్పటికీ చంటి అంటున్నారు. ఆ పేరుకి తగ్గట్టే అక్కాబావల ఇంట్లో తిని, అక్కాబావల ఇంట్లో పడుకుని, ఉద్యోగం వెతుక్కుంటున్నానని చెప్పుకుంటూ ఉంటాడు. అక్కని ఏ ప్రశ్న అడిగినా వీడే జవాబిచ్చాడు. రెండుసార్లు ఓర్చుకున్నాను. మూడోసారి, మీ అక్కకి నోరుంది, నీకు తీరికుంది, వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిపెట్టు అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్ళాడు.

ఆ కాస్త వ్యవధిలో ఆవిడ రెండు సంగతులు చెప్పింది. మొదటిది, డాక్టరు ఆ మిషన్లో కుళాయి నీళ్ళు పోయనిచ్చేవాడు కాదు. ఒకసారి తెలియక పోస్తే, రోజంతా పళ్ళ మీద గార గీకి చచ్చేది చాలక ఇంట్లో కూడా గార గీకమంటావా అని కేకలేశాడట. సీసా నీళ్ళే పోసేవాడు. రెండోది ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది.

"నెలాఖరుకల్లా గది ఖాళీ చెయ్యమని తమ్ముడికి చెప్పేశారండి. నేను ఏడ్చినా వినలేదు. శనివారం రాత్రి పెద్ద గొడవైంది."

ఈలోగా చంటి నీళ్ళతో వచ్చాడు. ఆదివారం సంగతి వాణ్ణే అడిగాను. ఆదివారం పొద్దున్న డాక్టరు అదే మిషన్ మీద రెండు కాఫీలు చేసుకున్నాడు, ఏమీ కాలేదు. తర్వాత భార్యాభర్తలిద్దరూ స్నేహితుల ఇంటికి భోజనానికి వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చారు. వచ్చాక ఎవరూ మిషన్ జోలికి పోలేదు. మళ్ళీ దాన్ని ముట్టుకున్నది సోమవారం పొద్దున్నే. మధ్యలో ఇంట్లో ఉన్నది చంటి ఒక్కడే. జ్వరంగా ఉండి రోజంతా పడుకున్నాడట.

"ఆదివారం బాగున్న మిషన్ సోమవారానికి ఎలా పాడైంది?" అన్నాను.

"పాత సరుకు కదండీ. ఎప్పుడేం ఊడుతుందో ఎవరికి తెలుసు?"

"పాత సరుకని నీకెప్పుడు తెలిసింది?"

"మెకానిక్ వచ్చి చెప్పాకే. అప్పటిదాకా కొత్తదనే అనుకున్నాను. బావ అందరికీ అలాగే చెప్పాడు కదా. అమాయకంగా నమ్మేశాం."

ఆ మాట నిజమేనని నాకు అనిపించింది. వీడు నోరు తెరిచిన దగ్గర్నుంచీ తన గురించి చెప్పిన మొదటి నిజం అదే. దాన్ని జాగ్రత్తగా దాచుకుని మిషన్ దగ్గరికెళ్ళాను.

ఇన్వెస్టిగేటరు గారి ఘనకార్యం కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది. ప్లగ్గు చుట్టూ పసుపు టేపు చుట్టాడు. వెనక రేకు విప్పి గోడకి ఆనించి వదిలేశాడు. స్క్రూలు సాసర్లో పోశాడు. తుపాను చెప్పింది నిజమే, ఒక్కదాని మీద కూడా రంగు లేదు. టార్చి వేసి లోపలికి చూశాను. ఎర్త్ వైరు ఊడి వేలాడుతోంది. ఈ మహానుభావుడు అక్కడితో ఆగిపోయాడు. నేను ఇంకాస్త లోపలికి చూశాను. నీళ్ళు కాగే రాగి డబ్బా అతుకుల చుట్టూ తెల్లటి గార, వేలితో గీకితే పెళ్ళలుగా ఊడేంత మందం. వాడి వాడి వదిలేసిన బకెట్టుకి పట్టినట్టు పట్టింది.

మెకానిక్ ఏ పాత మిషన్ కొన్నా, ముందు ఆ డబ్బాని విప్పి మందులో నానబెట్టి రాగి తేలేదాకా కడుగుతాడు. ఇక్కడికొచ్చే ముందు అతని షాపులో చూశాను, వరసగా బోర్లించినవి కొత్త చెంబుల్లా మెరుస్తున్నాయి. అలా కడిగిన డబ్బాకి, సీసా నీళ్ళు పోసే ఇంట్లో, మూడు వారాల్లో ఇంత గార ఎక్కణ్ణుంచొస్తుంది? రాదు. ఇది ఎవరూ కడగని మిషన్.

కిందకి వంగి గట్టు మీద చూశాను. నల్లరాతి గట్టు మీద కాఫీ మరకల మధ్య నాలుగు గుండ్రటి చోట్లు శుభ్రంగా ఉన్నాయి. ఒక్కొక్కటీ సీసా మూతంత వెడల్పు. మూడు వారాలపాటు ఏదో బరువు అక్కడ కదలకుండా నిలబడి ఉంది. ఇప్పుడున్న మిషన్ కాళ్ళు బొటనవేలంత కూడా లేవు, అందులో ఒకటి సగం విరిగింది. ఆ నాలుగు చోట్లకీ ఈ నాలుగు కాళ్ళకీ ఏ సంబంధమూ లేదు. మెకానిక్ షాపులో ప్రతి మిషనూ వెడల్పాటి నల్ల రబ్బరు కాళ్ళ మీదే నిలబడి ఉంది. పాత కాళ్ళు పీకి అవి వెయ్యడం అతని పద్ధతి.

అంటే అదే కంపెనీ, అదే మోడల్, కానీ వేరే మిషన్. ఎవరో ఏ పాతసామాన్ల కొట్లోనో ఇంకోటి కొని, పైపైన తుడిచి, వైరు పీకి, ఆదివారం ఇక్కడ పెట్టారు. డాక్టరుది కొత్తదే కదా, పాడుచెయ్యడమెందుకు, అమ్ముకుంటే డబ్బులొస్తాయని ఎత్తుకుపోయారు. కొత్త మిషన్ షాక్ కొట్టి చంపితే తప్పు కంపెనీదే అనుకుంటారని వాడి లెక్క. బావ కోతల్ని నమ్మిన వెధవకి, బావ మిషన్ కింద ఒకావిడ గోళ్ళరంగు ఉంటుందని ఎలా తెలుస్తుంది? మధ్యలో మెకానిక్ వచ్చి నెత్తిన వేసుకున్నాడు. చంటికి అది కోరని వరం.

"ఈ గట్టు మీద ఇంతకుముందు వేరే మిషన్ ఉండేది. అదెక్కడుందో దొరికిందంటే కేసు అయిపోయినట్టే" అన్నాను, ఎవరితోనూ కాకుండా, చంటికి వినబడేలా.

కావాలనే అన్నాను. కంగారుపడి ఎక్కడికి పరిగెత్తుతాడో చూద్దామనుకున్నాను. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. వాడి అక్క వాడి వైపు చూసిన చూపు మాత్రం నేను చాలా రోజులు మర్చిపోలేను. ఆవిడ మెల్లిగా వాడి పక్కనుంచి రెండడుగులు జరిగి నిలబడింది.

గేటు బయటికొచ్చి ఆటో ఎక్కకుండా అరగంట చూశాం. చంటి ఎక్కడికీ వెళ్ళలేదు. బాల్కనీలో అటూ ఇటూ తిరుగుతూ ఎవరికో ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అవతలివాళ్ళు ఎత్తడం లేదని వాడి తిరుగుడు చూస్తేనే తెలుస్తోంది. అప్పటికి నాలుగు దాటింది. ఇంక ఆగితే రిపోర్టు వెళ్ళిపోతుంది. ముందు దాన్ని ఆపాలని ఇన్వెస్టిగేటరు ఆఫీసుకి బయల్దేరాం. మిషన్ దొరక్కపోతే నా మాట ఎవరూ వినరని దారి పొడుగునా తుపాను గుర్తుచేస్తూనే ఉంది, నాకేదో తెలియనట్టు.

ఇన్వెస్టిగేటరుని నేను టైబాబు అంటాను. ఎండలో కూడా టై విప్పడు. నా దగ్గర పనిచేసే రోజుల్లో, గుమ్మం దగ్గర చెప్పులు చూసి ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పమంటే, చెప్పులన్నీ లెక్కపెట్టి రెండుతో భాగించడం మర్చిపోయిన ఘనుడు. అలాంటివాడికి ఇప్పుడు నాలుగో అంతస్తులో ఏసీ గది, గుండ్రటి బల్ల, తిరిగే కుర్చీ. అతని ఎదుగుదల చూస్తే నాకు ఇన్సూరెన్స్ కంపెనీల మీద జాలేస్తుంది.

మమ్మల్ని చూడగానే వాచీ చూసుకున్నాడు. నేను గార గురించీ, కాళ్ళ గుర్తుల గురించీ చెప్పాను. పూర్తిగా వినలేదు. బల్ల మీద ఫోన్ మూగగా వణుకుతుంటే రెండుసార్లు కట్ చేసి, పాత పరిచయం కొద్దీ సలహా ఇస్తున్నానంటూ మొదలుపెట్టాడు. కాలం మారిందట. గట్టు మీద మరకలు చూసి కేసులు తేల్చే రోజులు పోయాయట. మెకానిక్ ఒప్పుకున్నాడు, వైరు ఊడింది, మనిషి పోయాడు, ఇంకేం కావాలట.

"నేనే అమ్మానన్నాడు. నేనే చంపానని అనలేదు" అంది తుపాను.

"మీలాంటి చెత్త సరుకు అమ్మేవాళ్ళ వల్లే ఇలా జరుగుతున్నాయమ్మా. నేనైతే పాతవి ముట్టుకోను" అన్నాడు టైబాబు. అని ఊరుకోకుండా లేచి, గది మూల ఉన్న అల్మరా పక్కకి నడిచాడు. "కాఫీ ఇస్తాను, తాగి వెళ్ళండి. మేడమ్‌కి ఎలాగూ వేడినీళ్ళకీ కాఫీకీ తేడా తెలియదు, ఇవాళైనా తెలుస్తుంది. సీల్ విప్పని సరుకు. విదేశం నుంచి వచ్చింది."

ఆ రెండు వాక్యాలూ నేను అంతకుముందే విన్నాను. డాక్టరు ఊరంతా చాటింది అక్షరం పొల్లుపోకుండా అవే మాటలు. తలెత్తి చూశాను. అల్మరా పక్కన చిన్న బల్ల మీద, తళతళలాడుతూ, అదే కంపెనీ, అదే మోడల్. కింద వెడల్పాటి నాలుగు నల్ల రబ్బరు కాళ్ళు.

ఎవరి దగ్గర కొన్నావని అడిగాను. తెలిసినవాళ్ళ దగ్గర అన్నాడు. ఎప్పుడన్నాను. నీళ్ళు నమిలి, మంగళవారం అన్నాడు. ఒక మనిషిని చంపిన మిషన్ని సోమవారం పరీక్షించి, మంగళవారం అచ్చు అలాంటిదే కొన్నావా అని అడిగాను. అది పాతది, ఇది కొత్తది, తేడా అదే కదా అన్నాడు. తను చాలా తెలివైన మాటన్నాననుకుని నవ్వాడు కూడా.

నేను తుపాను వైపు చూశాను. చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ అప్పటికే ప్లగ్గు పీకేసింది. బల్ల మీదున్న తుండు చేతికి చుట్టుకుని, వేడిగా ఉన్న మిషన్ని పక్కకి ఒరిగించింది. టైబాబు వద్దు వద్దంటూ వచ్చేసరికి నేను టార్చి వేశాను. అడుగు రేకుకి నాలుగు స్క్రూలు. నాలుగింటి మీదా నెమలికంఠం రంగు గీతలు. ఒక్కటి కూడా తెగలేదు.

తుపాను మెడలో వేలాడే సంచిలోంచి గోళ్ళరంగు సీసా తీసి, గీత పక్కన పెట్టి చూపించింది.

"ఇది మా తమ్ముడు డాక్టరుకి అమ్మిన మిషన్. మా చేతులు దాటాక దీన్ని ఎవరూ విప్పలేదు. దీంట్లో వైరు ఊడలేదు. మూడు రోజుల్నుంచి నువ్వు దీంతోనే కాఫీ తాగుతున్నావు, నీకేమైనా అయిందా?"

టైబాబు కళ్ళు మిషన్ మీంచి, రిపోర్టు తెరిచి ఉన్న కంప్యూటరు మీదకి, అక్కణ్ణుంచి నా మొహం మీదకి వచ్చాయి. మెల్లమెల్లగా అర్థమవుతోంది. చంటి చవగ్గా ఇస్తానంటే ఎగబడి కొన్నాడు. వాడు దాన్ని ఇంట్లోంచి వదిలించుకున్నాడు, విచారణ చేసే మనిషి నోరూ కట్టేశాడు. కేసులో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని ఈ మేధావి తన గదిలో పెట్టుకుని, దాంతో వచ్చేపోయేవాళ్ళకి మర్యాదలు చేస్తున్నాడు. ఇంతకాలంలో చాలామంది మూర్ఖుల్ని చూశాను గానీ, సాక్ష్యాన్ని పాలు పోసుకుని తాగినవాణ్ణి చూడలేదు.

ఆ మాటే అతనితో అన్నాను. ఆ రిపోర్టు చెరిపేసి, ఉన్నదున్నట్టు రాసి పంపమన్నాను. అది రాస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. రాయకపోతే ఏ తప్పూ చెయ్యనివాడు జైలుకి పోతాడన్నాను. అతను దేన్ని తూస్తున్నాడో మొహం చూస్తే తెలుస్తోంది. అందులో మెకానిక్ లేడు.

మళ్ళీ ఫోన్ వణికింది. ఈసారి తెర మీద పేరు నాకు కనబడింది. టైబాబు చెయ్యి చాపేలోగా నేనే ఎత్తి స్పీకర్ నొక్కాను.

"సార్, ఎన్నిసార్లు చెయ్యాలండీ?" చంటి గొంతు ఆయాసపడుతోంది. "ఆ మిషన్ నాకు తిరిగిచ్చేయండి. డబ్బులు వెనక్కి ఇచ్చేస్తాను. మీ ఆఫీసు కిందే ఉన్నాను. ఆ డిటెక్టివ్ అక్కడికి రాలేదు కదా?"

టైబాబు నా వైపు చూళ్ళేదు. టై సర్దుకున్నాడు.

"రాలేదు. పైకి రా" అని ఫోన్ పెట్టేశాడు.

ఇది వాణ్ణి పట్టించడానికా, మమ్మల్ని ముంచడానికా అని సూటిగా అడిగాను. అతను తలుపు దగ్గరికెళ్ళి, బయట గుమాస్తాని ఇంటికి వెళ్ళిపొమ్మని చెప్పి వచ్చాడు. తర్వాత ఎంతో మర్యాదగా అన్నాడు.

"ఆ మిషన్ ఇక్కడ లేకపోతే అందరికీ మంచిది మేడమ్. మీరు కూడా చూడలేదనుకోండి."

నేను స్టేషన్‌కి ఫోన్ కలిపాను. అవతల మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. గోడ గడియారంలో అయిదు కావడానికి ఇంకా కాస్తే ఉంది.

తుపాను ఆ మిషన్ని రెండు చేతులా ఎత్తుకుని, టైబాబు తిరిగే కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పెట్టుకుంది. దాని రేకు ఇంకా కాలుతూనే ఉంది. ఆవిడ చేతులు తియ్యలేదు.

"మా తమ్ముడు ఇంటికొచ్చేదాకా ఇది నా ఒళ్ళోంచి కదలదు" అంది. "రమ్మనండి వాణ్ణి."

నేను ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని ఆవిడ కుర్చీకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. అవతల ఇంకా మోగుతూనే ఉంది. బయట వసారాలో లిఫ్ట్ వచ్చి ఆగింది.